మూడు నోటీసుల తూము

ఈమధ్య గొడుగులు బాగుండటం లేదు. మాదాపూర్‌లో కొన్న గొడుగు మొదటి వానకే వెనక్కి విరుచుకుంటే దుకాణానికి పట్టుకెళ్ళాను. బట్టకి పూచీ దుకాణానిదట, పిడికి కంపెనీదట. విరిగింది ఊచ. ఊచ గురించి ఇద్దరూ ఏమీ అనుకోలేదట. దుకాణదారు ఎంతో మర్యాదగా చెప్పాడు. నేనూ మర్యాదగానే విని వచ్చేశాను. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో అదే మాట చాలామందికి అంతే మర్యాదగా చెప్పినవాణ్ణి.

రిటైర్మెంటుకి నాలుగేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, మునిసిపల్ కార్పొరేషన్ నన్ను మదీనాగూడ వైపుకి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేసింది. వాడుకలో డీఈ. పైన సంతకాలు పెట్టేవాళ్ళకీ కింద వానలో తడిసేవాళ్ళకీ నడుమ ఉండే పదవి అది. చెప్పబోయేది అక్కడ నా రెండో వేసవిలో జరిగింది.

ముంబై హైవే పక్కన ఎస్తేరు రాణి గారని ఒకావిడ చిన్న బడి నడిపేవారు. తెనాలి నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడే ఉన్నారు. పిల్లల తల్లిదండ్రుల్లో నర్సులు, క్యాబు డ్రైవర్లు, మాదాపూర్ ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళు ఎక్కువ. బడికున్న కష్టమల్లా గేటు. గట్టిగా వాన పడితే గేటు ముందు మోకాలి లోతు నీళ్ళు నిలిచేవి. రెండు వానాకాలాలు టీచర్లూ ఆయాలూ పిల్లల్ని చంకనెత్తుకుని లోపలికి చేర్చారు. మూడో ఏడు కూడా ఇదే వరస అయితే టీసీలు తీసుకుంటామని తల్లిదండ్రులు ఫిబ్రవరిలోనే చెప్పేశారు. వాళ్ళు పోతే బడి మూయడమే.

నీళ్ళు నిలవడానికి కారణం చిన్నది. కాలనీలో కురిసిన వాన మా కార్పొరేషన్ కాలువలో దిగి, హైవే కింది తూములో దూరి, అవతలి నాలా పట్టుకుని చెరువుకు పోవాలి. ఆ తూము మట్టితో పూడిపోయింది. ఇక్కడ చిన్న పాఠం అవసరం. కాలువ స్థానిక సంస్థది, అంటే మాది. జాతీయ రహదారి కేంద్రానిది, దాని కింది తూము కూడా దానితోనే. నాలా, చెరువు రాష్ట్ర నీటిపారుదల శాఖవి. వాన ఒకటే గానీ అది మూడు ప్రభుత్వాల కింద పనిచేయాలి.

ఎస్తేరు గారు అర్జీ పెట్టారు. తూము తమదేగానీ మట్టి మునిసిపల్ కాలువలోంచి వచ్చింది కాబట్టి ఆ బాధ్యత వాళ్ళదని హైవే వాళ్ళు రాశారు. తమ నాలా సరిహద్దు రాయి దగ్గర మొదలవుతుందని, తూము నోటికీ ఆ రాయికీ మధ్య ఉన్న పది గజాలు తమవి కావని నీటిపారుదల వాళ్ళు రాశారు. కాలువ శుభ్రంగానే ఉందని, తూము మా పరిధిలోకి రాదని కార్పొరేషన్ రాసింది. ఆ ఉత్తరం కింద సంతకం నాది. ముగ్గురం రాసిందీ నిజమే. ఇబ్బందల్లా అక్కడే వచ్చింది.

రాజ్యాంగంలో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని మూడున్నాయని బళ్ళో చదువుకున్నాం. ఉద్యోగంలో చేరాక నాలుగోది కూడా కనపడుతుంది: మా పరిధిలోకి రానివాటి జాబితా. అన్నిటికన్నా పొడుగైనది అదే.

ఏప్రిల్లో జాయింట్ ఇన్‌స్పెక్షన్ పెట్టాం. అంటే సంబంధించిన శాఖలన్నీ ఒకేసారి వచ్చి చోటు చూసి ఒకే కాగితం మీద సంతకాలు చేయడం. టేపు పట్టి కొలిచాం, మజ్జిగ తాగాం, మూడు పేజీల నివేదిక రాశాం. సదరు పూడిక ఎవరికీ చెందదని అందరం ఉమ్మడిగా ఒప్పుకున్నాం. నా సర్వీసులో అంత ఐకమత్యం మళ్ళీ చూడలేదు.

మే నెలాఖరులో ఒక ఆదివారం మా వర్క్ ఇన్‌స్పెక్టర్ యాదయ్య ఫోన్ చేశాడు. "సార్, జర జల్ది రండి. టీచరమ్మ తవ్విస్తున్నది."

వెళ్ళేసరికి దృశ్యం ఇది. ఎస్తేరు గారు పొద్దున్నే ఆరాధన ముగించుకుని, అదే తెల్లచీరలో, గొడుగు వేసుకుని నిలబడ్డారు. మట్టి తోడే బండి ఒకటి అద్దెకు తెచ్చారు. తల్లిదండ్రులు పారలు పట్టుకున్నారు. ఇద్దరు నర్సమ్మలు నైట్ డ్యూటీ దిగి తిన్నగా వచ్చారట. మా కాలువ పక్కన సిమెంటు పగిలింది, తూము నోరు సగం బయటపడింది.

అంతకన్నా వింత, ఆదివారం పూటా మూడు ప్రభుత్వాలూ హాజరయ్యాయి. హైవే ఇంజనీరు గారు ఎవరిని అడిగి తవ్వుతున్నారని, ఇది జాతీయ రహదారి ఆస్తి అని గట్టిగా అంటున్నారు. రోడ్డు అవతల, తల్లిదండ్రులు రెండో జట్టుగా మట్టి ఎత్తుతున్న చోట, నీటిపారుదల అసిస్టెంట్ ఇంజనీరు, అదే ఏఈ గారు, ఈ పది గజాలూ నాలా హద్దులోవేనని, పార దించమని చెబుతున్నారు. యాదయ్య ఆయన వంక ఆశ్చర్యంగా చూశాడు.

"గిన్నొద్దులు ఏడవోయినవన్నా? రెండేండ్లసంది నీ కోసమే దేవులాడుతున్నం."

ఏఈ గారు వినపడనట్టు టేపు తీశారు. తవ్వకం సగంలోనే ఆగింది.

సోమవారం ఎస్తేరు గారికి మూడు నోటీసులు అందాయి. అనుమతి లేకుండా తూమును కదిపినందుకు కేంద్రం నుంచి ఒకటి. నాలా హద్దులో చొరబడినందుకు రాష్ట్రం నుంచి ఒకటి. కాలువ గోడ పగలగొట్టినందుకు మా నుంచి ఒకటి. మాది కూడా నేనే సంతకం చేశాను. ఏడు రోజుల్లో యథాస్థితికి తేకపోతే చర్య తీసుకుంటామని మూడింటిలోనూ ఉంది. ఆవిడ మూడూ పట్టుకుని ఆఫీసుకు వచ్చి నా బల్ల మీద వరసగా పరిచారు.

"సార్, నన్ను జైల్లో పెట్టినా పర్లేదండీ. బడి తెరిచేది పన్నెండో తారీకు. ఈలోగా పెట్టి వదిలేయండి, పిల్లలకి పాఠాలు పోతాయి."

నాకు నవ్వు వచ్చింది గానీ చూపు మాత్రం కాగితాల మీద ఉంది. రెండేళ్ళుగా మాది కాదు మాది కాదన్న ముగ్గురం, ఒకే రోజున, ముద్ర వేసి, ఇది మాదే అని రాసిచ్చాం. అవి నాకు నోటీసుల్లా కనిపించలేదు. పట్టాదారు పాసు పుస్తకాల్లా కనిపించాయి.

ఆ సాయంత్రం రెండు ఉత్తరాలు రాశాను, హైవే వాళ్ళకొకటి, నీటిపారుదల వాళ్ళకొకటి. సదరు స్థలం తమ అధీనంలోనిదని నోటీసు ద్వారా స్పష్టపరిచినందుకు కృతజ్ఞతలు. యథాస్థితి అనగా తూము కట్టిన నాటి స్థితి అని, అందులో మట్టి లేదని మనవి. కావున వర్షాలకు ముందే పూడిక తీయించగలరు, లేదా తీయుటకు మాకు అనుమతి ఇవ్వగలరు. నోటీసు ప్రతి జతపరచడమైనది. మూడు ప్రభుత్వాలూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు జిల్లాలో కలెక్టరాఫీసు ఒక్కటే కాబట్టి నకలు అక్కడికి పంపాను. మా నోటీసుకు కూడా అలాంటి ఉత్తరమే రాసి మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి ఇచ్చాను. ఆయన చదివి, మనకు మనమే రాసుకోవడం అవసరమా అని అడిగారు. వరస తప్పకూడదు కదండీ అన్నాను.

హైవే ఇంజనీరు గారు మర్నాడే ఫోన్ చేశారు. "మా తాడుతో మమ్మల్నే కట్టేశారు కదండీ," అన్నారు, కోపం కన్నా మెచ్చుకోలు ఎక్కువగా. ఇంకొకరికి అనుమతి ఇవ్వాలంటే ఆయనకి ఒప్పందం, డిపాజిట్టు, ట్రాఫిక్ పోలీసుల అంగీకారం, పై ఆఫీసు ఆమోదం కావాలి. మట్టి తీయాలంటే ఒక బండి, ఇద్దరు మనుషులు చాలు. తీసేశారు. నీటిపారుదల వాళ్ళు ఆ పది గజాలూ తోడేశారు. మేం కాలువ గోడ కట్టి, మట్టి దిగకుండా ఇనుప జల్లెడ బిగించాం. నోటీసులు మూడూ 'నెరవేరినది' అనే మాటతో మూతపడ్డాయి.

పదకొండో తారీకు మధ్యాహ్నం కుండపోతగా వాన పడింది. ఎవరూ పిలవకుండానే ముగ్గురం చేరాం. నేను కాలువ దగ్గర, హైవే ఆయన రోడ్డు మీద, ఏఈ గారు అవతల నాలా ఒడ్డున. గేటు ముందు నీళ్ళు నిలవలేదు. యాదయ్యకి అది చాలలేదు. జల్లెడ ఎత్తి, బడిలోని పసుపు రబ్బరు బంతిని కాలువలో పడేశాడు. నేను ఏఈ గారికి ఫోన్ కలిపి చెవి దగ్గర పెట్టుకున్నాను. తర్వాత ఒక్కసారిగా కేక. "వచ్చిందండీ! వచ్చేసింది!" హైవే ఆయన రోడ్డు మధ్య డివైడర్ మీద గొడుగు వదిలేసి చప్పట్లు కొట్టారు. బంతి మూడు ప్రభుత్వాలు దాటడానికి నిమిషం పట్టలేదు. అంతకు రెండేళ్ళ ముందు బయల్దేరిన అర్జీ అప్పటికింకా దారిలోనే ఉంది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇది. శాఖల దగ్గర రెండు పటాలుంటాయి. బాధ్యత పటంలో హద్దులు ఒకదానికొకటి ఆనవు, మధ్యలో ఖాళీలుంటాయి. అధికారం పటంలో అవే హద్దులు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి, సూది మోపే ఖాళీ ఉండదు. పని కావాలంటే రెండో పటం తెరవాలి. నా తర్వాత వచ్చిన డీఈకి ఇదే చెప్పాను.

బడి తెరిచిన రోజున ఎస్తేరు గారు కేకు ముక్క చేతిలో పెడితే, ఆవిడకి కూడా ఈ పటాల సంగతి కొంచెం గర్వంగానే వివరించాను. శ్రద్ధగా విన్నారు. ఎండిన గేటు వైపు ఒకసారి చూశారు.

"అయితే నాదే తప్పండీ. మీ అందరికీ అర్జీలు రాస్తూ కూర్చున్నాను. మొదటి ఏడే తవ్వేయాల్సింది."