ఎవరూ తొడగని అంగీ

మొన్న మా అమ్మాయి సంచిలో పెప్పర్ స్ప్రే డబ్బా మూత ఊడి ఇల్లంతా ఘాటు కమ్మింది. కోరుట్ల నుంచి జగిత్యాల కాలేజీకి రోజూ బస్సులో పోయొచ్చే పిల్ల, ఆడపిల్లలు తమను తాము ఎలా కాపాడుకోవాలో కాలేజీకి ఎవరో వచ్చి చెబితే ఆ సాయంత్రమే కొనుక్కొచ్చుకుంది. పుస్తకాలకూ చున్నీకీ టిఫిను డబ్బాకూ అదే వాసన పట్టి, మేమంతా తుమ్ముకుంటూ వాకిట్లోకి పరుగెత్తితే, మా అవ్వ ఒక్కతే మంచం మీద కదలకుండా కూర్చుని ఆ గాలిని నింపాదిగా పీల్చింది. అవ్వ అంటే మా వైపు కన్నతల్లి.

"దీనికన్నా మా కారం పొట్లమే నయముండె," అంది.

ఆ పొట్లం నాకు గుర్తుంది. కోరుట్ల దగ్గరి మా ఊళ్లో ఎండాకాలమంటే మిద్దెల మీద ఎర్రగా పరిచిన మిరపకాయలు, రోకటిపోట్ల మధ్య ఆడవాళ్ల తుమ్ములు, గొంతు మండితే తాగడానికి ముంతలో చల్లటి అంబలి, పక్కనే తడిబట్టలో చుట్టిపెట్టిన తునికాకు పచ్చి వాసన, దాన్ని మించి తంబాకు వాసన. అవ్వ బీడీలు చేసేది. వాడకట్టు ఆడవాళ్లంతా ఒళ్లో చేటలు పెట్టుకుని ఒకే నీడన కూర్చుంటే, కత్తెరలు ఆకును కోసే చప్పుడులో మేము పిల్లలం గచ్చకాయలు ఆడేవాళ్లం. కొత్త కారం దంచిన రోజు అవ్వ ముందుగా ఒక పిడికెడు తీసి తునికాకులో పొట్లం కట్టి తలుపు పక్క గూట్లో పెట్టేది. కూరల్లోకి పోయేది ఆ తర్వాతే.

మా వాడకట్టులో వయసు మగవాళ్లు లేరు. ముసలివాళ్లు తప్ప, మేము బాపు అని పిలిచే మా నాన్నతో సహా, అందరూ దుబాయిలోనే. ఈ సంగతి ఊళ్లోవాళ్లకు ఎటూ తెలుసు. పెద్దరోడ్డున పోయే లారీలవాళ్లకూ, ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లకూ, ముక్కూమొహం తెలియనివాళ్లకూ తెలియకూడదు కదా. అందుకని మా ఆడవాళ్లు మగవాళ్లను తయారుచేసుకున్నారు. గడప బయట పెద్ద చెప్పుల జత, దండెం మీద మగవాడి అంగీ. పొద్దున్నే ఎవరూ తొడగని అంగీని సబ్బు పెట్టి ఉతికి, పిండి, రోడ్డుకు కనబడేటట్టు ఆరేసేది అవ్వ. సాయంత్రం తీసి మడతపెట్టి, మర్నాడు మళ్లీ నీళ్లలో ముంచేది. బతుకమ్మనాడు తంగేడు పూల చుట్టూ చప్పట్లు కొడుతూ ఆడి, కొంగున సత్తుముద్దలు కట్టుకుని వచ్చేటప్పుడు కూడా, రోడ్డు మీద ఎవరైనా కనబడితే, లేని మనిషికి వినబడేటట్టు "అచ్చినం, తలుపు తియ్యి" అని ఇంటి ముందు కేకవేసేది. నాకు భలే నవ్వొచ్చేది.

ఈ ఏర్పాటంతా బయటివాళ్ల కోసం. లోపలికి వచ్చేవాడికి అంగీ ఏం అడ్డం? బాపు తమ్ముడు, మా కాక, జగిత్యాల నుంచి వచ్చిపోతూ అన్న లేని ఇంటి మంచిచెడ్డలు చూసే పెద్దమనిషి. మధ్యాహ్నం పూట చల్ల తాగడానికి వచ్చేవాడు, తాగడం అయిపోయినా పోయేవాడు కాదు. పిప్పర్మెంట్లు కొనుక్కోమని నా చేతిలో రూపాయి బిళ్ల పెట్టేవాడు. "కాక యాడికి తోలినా నా పక్కకెల్లి లేవకు బిడ్డా," అని అవ్వ నాకు ముందే చెప్పి ఉంచింది. నా కాలంలో నాకు దొరికిన ఆత్మరక్షణ పాఠం అదొక్కటే. కొంగు పట్టుకుని కూర్చునేదాన్ని.

ఒకనాడు నేను అలా కూర్చుని ఉండగానే కాక ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అవ్వ బీడీ కత్తెర మొన అతని అరచేతిలో దించింది. చేటలోని ఆకుల మీద రక్తం పడింది. కాక తువ్వాలతో చేయి చుట్టుకుని, నా వైపు చూసి నవ్వి వెళ్లిపోయాడు. నాకు గర్వంతో గుండె ఉబ్బిపోయింది. అవ్వ గెలిచిందనుకున్నాను.

ఆ రోజుల్లోనే ఎండకూ సబ్బుకూ బాపు అంగీలు పీలికలయ్యాయి. చిరిగిన అంగీ ఆరేస్తే లోపల మనిషి ఉన్నాడని ఎవరు నమ్ముతారని, అవ్వ కోరుట్ల అంగట్లో నీలిగళ్ల అంగీ ఒకటి కొని దండెం మీద వేసింది. ఆమె చేసిన పొరపాటు అదే. బాపు అంగీలు వాడకట్టు మొత్తానికి తెలుసు. ఇది ఆయనది కాదని రెండు రోజుల్లో ఊరంతా అనుకుంది.

శుక్రవారం దుబాయి ఫోన్లు వచ్చే రోజు. ఊరికున్న ఒక్క ఫోనూ కిరాణా కొట్టులో ఉండేది, వంతు కోసం ఆడవాళ్లు మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఆ శుక్రవారం మా ఫోను కాక ఎత్తి చాలాసేపు మాట్లాడాడు. అంగీ సంగతి అడగబోతే వదిన కత్తెరతో పొడిచిందని అందరి ముందే అన్నకు చెప్పి, కట్టు కట్టిన చేత్తోనే రిసీవరు అవ్వకు అందించాడు. బాపు గొంతు కొట్టంతా వినబడింది.

"గా అంగి ఎవ్వనిదే?"

అవ్వ మెట్ల వైపు చూసింది. అక్కడ కూర్చున్న ప్రతి ఆడదాని దండెం మీదా అంగీ ఉంది. ఒక్కరు నోరు విప్పితే చాలు. కానీ తర్వాత మోగే ఫోను తన మొగుడిదే, అతడు అడిగే ప్రశ్నా అదే. అందరూ తలలు వంచుకున్నారు. కాక మీద నాకున్న అసహ్యం కంటే ఆ వంచిన తలల మీద నాకు కోపం ఎక్కువ, ఇప్పటికీ.

"తొడుగనీకి కొనలే. ఆరెయ్యనీకి కొన్న," అంది అవ్వ.

కొట్టు గొల్లుమంది. ఆ నవ్వు దుబాయిదాకా వినబడే ఉంటుంది. అవ్వ రిసీవరు నోటికి దగ్గరగా పెట్టుకుని, "చెయ్యి ఎందుకు తెగిందో నీ తమ్ముణ్ని మంచిగ అడుగు," అంది. బాపు ఆ మాట వదిలేసి, ఇక చాలు, ఇల్లు తాళం వేసి తమ్ముడి దగ్గరికి పో, మగదిక్కు ఉంటుంది అన్నాడు.

కాక భార్య, మా చిన్నవ్వ, మేము బండి దిగగానే ముందు అవ్వ కత్తెర తీసుకుంది. బీడీలు చేసేవేళ ఇచ్చి, చేట ఎత్తగానే మళ్లీ తీసి దాచేది. మాకిచ్చిన గదికి లోపల గొళ్లెం లేదు. బాపు తిరిగొచ్చేదాకా మూడేళ్లు ఆ ఇంట్లో ఉన్నాం. అంతకన్నా రాయనా అని ఈ మధ్య అవ్వను అడిగితే, "వద్దు బిడ్డా, నేనింక బతికే ఉన్న గదా," అంది. ఆ మూడేళ్లలో ఆమె బతుకమ్మ ఆడటం మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఆ దండేలు లేవు, నీడన కూర్చునే బీడీల గుంపు లేదు, కిరాణా కొట్టు మీద రెండంతస్తులు లేచాయి. దుబాయి ఇళ్లన్నిటికీ కెమెరాలు బిగించారు. భర్తలు అక్కడినుంచే సెల్లులో తమ వాకిలి చూసుకుంటారు. కెమెరాలన్నీ వీధివైపే తిరిగి ఉంటాయి.

మొన్న ఘాటు తగ్గి అందరం లోపలికొచ్చాక, ఇదంతా చూసిన బాపు నాకు సలహా చెప్పాడు. "బస్సులల్ల తిరుగుడు ఆడివిల్లకు మంచిది గాదు. జగిత్యాలల తమ్ముని ఇల్లున్నది గదా. ఆడ్నే ఉండి సదువుకోనియ్యి, మొగదిక్కుంటది."

అవ్వ మంచం దిగింది. బాపు ముందు ఆమె గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు.

"గా ఇంట్ల నేను మూడేండ్లున్న. ఇది పోదు."

ఎందుకు పోదని బాపు అడగలేదు. చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. తమ్ముణ్ని అడుగమని ఫోనులో అవ్వ అన్న ఆ మాట ఆయనకు అర్థం కాకనే మమ్మల్ని పంపాడని ముప్పై ఏళ్లుగా నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చిన దాన్ని, ఆయన వీపు చూస్తూ నిలబడిపోయాను. అవ్వ మాత్రం తడిగుడ్డ తీసుకుని మనవరాలి పుస్తకాలు తుడవడం మొదలుపెట్టింది. ఆమెకు అందులో కొత్త సంగతేమీ లేదు.