బావ చేతిలో నా పైదవడ

ఏడో తరగతిలో బడి మానేసి పానా పట్టినవాణ్ణి. ధరూర్‌లో మా అక్క భర్తకూ నాకూ కలిపి ఒక బైకు రిపేరు దుకాణం ఉంది. పని బావది, మాటలు నావి అంటారు ఊళ్ళో. కాదనను. నా చేత నాలుగు మాటలు పడకుండా బండి తీసుకుపోయినవాడు లేడు.

అలాంటి నోటిని కర్నూలులో ఒక డాక్టరమ్మ తెరిపించి, లైటు వేసి చూసింది. "పైదవడ మరీ ఇరుకు. పై పళ్ళు కింది పళ్ళ లోపలికి పడుతున్నాయి. అందుకే నమలలేకపోతున్నారు" అంది. తీగ కట్టి పంపుతుందనుకున్నాను. "చిన్నపిల్లలకైతే కోత లేకుండా అయిపోయేది. మీకు ముప్పై దాటాయి, ఎముక గట్టిపడింది. కోసి, నడిమికి విడదీసి, మెల్లగా వెడల్పు చేయాలి" అంది.

కోశారు. మొహం గుమ్మడికాయయింది. అంగిట్లో స్క్రూ ఉన్న పరికరం బిగించారు. వారం తరువాత పుల్లంత సన్నని కీ చేతికిచ్చింది డాక్టరమ్మ. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ముందు నుంచి గొంతువైపు తిప్పాలి. వారంలో ముందుపళ్ళ మధ్య సందు రావాలి. రాకుండానే ఎముక అతుక్కుంటే మళ్ళీ కోయాల్సిందే."

తిప్పే పని బావ తీసుకున్నాడు. దుకాణం ముందర నన్ను కూర్చోబెట్టి, నోట్లోకి టార్చి కొట్టేవాడు. బండ్లు తెచ్చినవాళ్ళు చుట్టూ మూగేవారు.

"ఇంజను ఖరాబైందా ఏందే?" అన్నాడొకడు.

"లేదన్నా, హారన్ బందు పెడుతున్న."

నా నోట్లో కీ ఉంది కాబట్టి బావ బతికిపోయాడు.

నొప్పి అసలు లేదు. డాక్టరమ్మ ఊరికే భయపెట్టిందని లోలోపల నవ్వుకున్నాను. ఎనిమిదో రోజు చూపించుకోవడానికి పోతే, ఆమె ఎక్స్‌రే తీయించి చాలాసేపు చూసింది.

"సూది దూరేంత సందు కూడా లేదు. రోజూ తిప్పుతున్నారా?"

"రెండు పూటలా తిప్పుతున్న మేడం," బావ ఛాతీ విరిచాడు.

"ఏదీ, నా ముందు తిప్పండి."

బావ కీ పెట్టి గొంతువైపు తోశాడు. తరువాత దాదాపు అంతే ముందుకు లాగి బయటికి తీశాడు.

"మళ్ళీ ముందుకెందుకు లాగారు?"

"ఫుల్ టైట్ పెట్టొద్దు కద మేడం! బండి హ్యాండిల్ల బేరింగు కోను గట్లనే టైట్ జేసి జర లూజ్ ఇడుస్తం. లేకుంటే హ్యాండిల్ తిరగక పట్టేస్తది."

ఆమె కుర్చీలో కూలబడింది. తెరిచిన నోరు మూయడం నేను మరిచిపోయాను. వారం రోజులు రెండు పూటలా స్క్రూ తెరవడం, అక్కడికక్కడే మూయడం! నా దవడ కదలనే లేదు.

"నాలుగు రోజులు చూద్దాం. అప్పటికీ రాకపోతే ఆపరేషనే," అంది డాక్టరమ్మ.

ఆ సాయంత్రం బావ మళ్ళీ ముందుకు లాగకుండా తిప్పాడు. ముక్కు మొదట్లో ఏదో బిగిసి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మూడో పొద్దున పళ్ళు తోముతుంటే నాలుకకు ఏదో కొత్తగా తగిలింది. బండి అద్దంలో చూసుకున్నాను. ఎప్పుడూ ఒకదాన్నొకటి తోసుకునే ముందుపళ్ళు రెండూ విడిపోయి ఉన్నాయి. మధ్యలో నల్లటి గీత. రావాలని మొక్కుకున్నదే వచ్చింది, అయినా తల రెండు చెక్కలైనట్టు కేక పెట్టాను. బావ ఉరికొచ్చి, చూసి, నేలమీదే కూర్చున్నాడు.

"గిది నేను జేసిందేనారా?"

"నువ్వే బావా. తిప్పు, టైమైంది."

ఎన్నో ఇంజన్లు విప్పిన చెయ్యి. ఇప్పుడు కీ నా పళ్ళకు తగిలి టకటకమంది.

"నిన్న మంచిగనే తిప్పినవ్ కదనే!"

"నిన్న స్క్రూ దిప్పిన్రా. గియ్యాల నీ దవడ బొక్కలు దిప్పాలె."

ఆయన మణికట్టు రెండు చేతులా పట్టుకుని, నోరు తెరిచాను.