పాత థియేటర్‌లో మూడు రోజుల డ్యూటీ

పోయిన చలికాలం మా కంపెనీ నన్ను ఒమాన్‌లోని రుస్తాఖ్ సైట్ నుంచి మూడు రోజుల పనికి మస్కట్ పంపింది. అక్కడ రూవీ అనే పేటలో ఓ పాత థియేటర్ ఉంది. తొలినాళ్లలో గల్ఫ్‌కు వచ్చినవాళ్లు హిందీ సినిమాలు చూసింది అందులోనేనని మా ఫోర్‌మన్ చెప్పాడు. తెర ముందున్న స్టేజి చెక్కలు పుచ్చిపోయాయి, మార్చాలి. నేను వడ్రంగిని.

లోపలికి వెళ్లగానే స్టేజి మధ్యలో నిలబడ్డాను. ఎవరూ లేరు కదా అని గొంతెత్తి ఒక రాగం తీశాను. నా ఆ గొంతు నేనే విని పన్నెండేళ్లయింది.

మా ఊళ్లో బాగోతం మేళం ఉండేది. అందులో నాది రాణి వేషం. పదహారో ఏట నుంచి చీర కట్టి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. వీసా వచ్చిన ఏడాది మీసం పెంచాను.

మూడో రోజు, గురువారం, బడి వదిలాక ఎనిమిది మంది తెలుగు పిల్లలు ఇద్దరు తల్లులతో వచ్చారు. మర్నాడు సాయంత్రం అక్కడే వాళ్ల నాటకమట. అందులో రాజభటులు తన మేకను తోలుకుపోతే, ఒక ముసలమ్మ రాజు దగ్గరికి వెళ్లి అడుగుతుంది. ముసలమ్మ వేషం వేసిన పదేళ్ల పిల్ల గట్టిగా వెక్కివెక్కి ఏడ్చింది. మిగతా పిల్లలు పకపకా నవ్వారు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

పక్కన మేకులు కొడుతున్న నేను ఉండబట్టలేకపోయాను.

"ఏడ్వకు బిడ్డా. వచ్చే ఏడుపును ఆపుకో. నువ్వు ఆపుకుంటే చూసేటోళ్లు ఏడుస్తరు."

అందరూ నా వైపు తిరిగారు.

"మీకు నాటకాలు వచ్చాండీ?" అని అడిగింది ఆ పిల్ల తల్లి.

"మా దిక్కు బాగోతం ఆడేటోణ్ని అమ్మా. ఆడ వేషం."

"ఈ మీసంతోనా అంకుల్?" అన్నాడు రాజు వేషం పిల్లవాడు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

చేసి చూపించమని పట్టుబట్టారు. సేఫ్టీ బూట్లు విప్పి, చెక్కను తాకి కళ్లకద్దుకున్నాను. మెడలోని తువ్వాలు తలమీద కప్పుకున్నాను. వాళ్ల నాటకంలోని మాటలు నాకు రావు కాబట్టి మా ఊరి యాసలోనే అన్నాను: "అయ్యా రాజా, నాకున్నది ఒక్కటే మేక. అది వాకిట్ల లేకుంటే నాకు పొద్దు గడ్వది."

చివరి మాట అనేసరికి మా ఇంటి వాకిలే కళ్లముందుకొచ్చింది. అది నటన కాదు.

నాటకం ప్రకారం రాజు కాదనాలి. "ఆమె మేక ఆమెకిచ్చేయండి!" అనేశాడు ఆ పిల్లవాడు. తల్లులు తలపట్టుకున్నారు.

తర్వాత స్టేజి మీదే చాప పరిచారు. ఫ్లాస్కులో అల్లం టీ, డబ్బాలో పునుగులు. నేను బయటికి పోబోతుంటే ఆ పిల్ల పక్కకు జరిగి చోటిచ్చింది.

"బట్టలకు దుమ్మున్నది బిడ్డా."

"మేమూ ఇక్కడే దొర్లాం కదా అంకుల్."

కూర్చున్నాను. టీ తాగుతూ ఆ పిల్ల అడిగింది: "మళ్లీ ఎప్పుడు వేస్తారు వేషం?"

"మేళమే లేదు బిడ్డా. సగం మందిమి గిట్లనే గల్ఫుల ఉన్నం."

రేపు తప్పకుండా రమ్మంది వాళ్లమ్మ. ఫోర్‌మన్‌ను ఒక్క రోజు ఆగనిమ్మని అడిగాను. "కామ్ ఖతమ్, గాడీ తయ్యార్," అన్నాడు, పనైపోయింది, బండి సిద్ధమని. చెడ్డవాడేమీ కాదు, రుస్తాఖ్‌లో పని అలాగే ఆగి ఉంది మరి.

వ్యాన్‌లోంచి నా భార్యకు ఫోన్ చేశాను.

"ఇయ్యాల స్టేజి ఎక్కిన."

ఆమె వెంటనే అడిగింది: "ఎంతమంది జూసిన్రు?"

"ఎనిమిది మంది పిల్లలు, ఇద్దరు తల్లులు."

"నేనైతే ఒక్కసారి సుత జూడలే," అంది. నిజమే. మా పెళ్లయ్యేనాటికే మేళం చెదిరిపోయింది.

శుక్రవారం సాయంత్రం పని నుంచి వచ్చి రుస్తాఖ్ రూమ్‌లో బట్టలు ఉతుకుతూ, ఈపాటికి ఆ పిల్ల రాజు ముందుకు వచ్చి ఉంటుందనుకున్నాను. మాట మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఊరకే నిలబడాలని చెప్పడం మరిచిపోయాను. అదే మనసులో మెదులుతూ ఉండిపోయింది.