ఎర్రెద్దు వంతు ఉలవలు

కుక్కర్ మూత తీయగానే ఉడికిన ఉలవల వాసన వంటింట్లోంచి ముందు గది దాకా పాకింది. పోలీసు ఉద్యోగానికి తయారవుతూ తెల్లవారగానే గ్రౌండుకు పరుగెత్తే మా అమ్మాయి స్వాతి, జిమ్ములో రాసిచ్చిన తిండి జాబితా నిన్న తెచ్చి నా ముందు పెట్టింది. సగం పేర్లకు నాకు నోరు తిరగలేదు. డబ్బాలో వచ్చే పొడి ధర విన్నాక మిగతా సగం చదవబుద్ధి కాలేదు. "అగ్గువల బలమొచ్చేది ఏమన్న ఉంటె చెప్పమ్మా, పోలీసు పరీక్షల గుండు దూరం ఇసరాలె" అంది. నాకు తెలిసింది ఒక్కటే. దాన్ని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నా బుర్ర తిరుగుతుంది.

మాది దుబ్బాక వైపు చిన్న ఊరు. ఏడో తరగతిలో నాకు కబడ్డీ పిచ్చి పట్టింది. వానలు వెనకబట్టి, చేలల్లో మక్కకంకులు ఎండుతూ, గట్ల మీద తంగేడు పచ్చగా విరగబూసే ఆ రోజుల్లో, బడి వెనక మెత్తటి దుబ్బలో గీతలు గీసి మోకాళ్లు చీరుకుపోయేలా ఆడేవాళ్లం. బడి జట్టులో చేరడం తప్ప నాకు వేరే కోరిక లేదు. డ్రిల్లు సారు నన్ను ఎగాదిగా చూసి, "ఊదితె ఎగిరిపోయేటట్టున్నవ్. పాలు తాగు, గుడ్లు తిను, పండుగ సెలవులైనంక సూస్త" అన్నాడు.

మా ఇంట్లో పాలు పొద్దున్నే కేంద్రానికి పోయేవి, గుడ్లు పొదిగే కోడి కిందికి పోయేవి. మాకు మిగిలేది మక్కగట్క, జొన్నరొట్టె, పచ్చిపులుసు. నాయనమ్మనడిగితే గట్కలోనే బలముందనేది, అమ్మనడిగితే పని చేస్తే బలమొస్తుందని చీపురు చేతికిచ్చేది. బతుకమ్మ నాడు మలీద ముద్దలూ నువ్వుల పొడీ పల్లీల పొడీ కడుపు పగిలేలా తిని, తెల్లారి దండ చెయ్యి పిసికి చూసుకుంటే నిన్నటి పుల్లే ఉంది. ఎవరి మాట నమ్మాలో తెలియలేదు.

అప్పుడు నా కళ్లు మా జోడెద్దుల్లో ఎర్రెద్దు మీద పడ్డాయి. పాలు తాగదు, గుడ్లు తినదు, బండెడు రాళ్లు లాగుతుంది. సాయంత్రం కాగానే నాయనమ్మ కొట్టం ముందు మూడు రాళ్ల పొయ్యి మీద ఉలవలు ఉడికించేది. ఆ పొగలో పేడ వాసన, ఎండుగడ్డి వాసన, ఉలవల వాసన కలిసిపోయేవి. మొదటి పిడికెడు పక్కన తీసి, చల్లార్చి, తన చేత్తో ఎద్దు నోట్లో పెట్టేది; ఆ తర్వాతే మిగతాది తొట్టిలో పోసేది. పశువు తినక ముందు అందులోది మనిషి ముట్టకూడదని ఆమె పట్టింపు. ఆమె లోపలికి పోగానే నేను తొట్టిలో చెయ్యి పెట్టేదాన్ని. మొదట పిడికెడు, తర్వాత దోసెడు. తీసినంత మేర తవుడు కలిపి సరిచేసేదాన్ని, నా తెలివికి నేనే మురిసిపోతూ.

సెలవులు ముగిసేసరికి ఎర్రెద్దు పక్కటెముకలు కనబడసాగాయి, కనీసం నా కళ్లకు అలాగే అనిపించింది. నాయనమ్మ దిష్టి తీసింది. ఒక సాయంత్రం బాపు, "ఎల్లుండి అంగట్ల అమ్మేస్త" అన్నాడు. నిజం చెబితే ఉలవలు పోతాయి, ఉలవలు పోతే జట్టు పోతుంది. చెప్పకపోతే ఎద్దు పోతుంది. రెండు రోజులు నోరు కుట్టుకుని తిరిగి, బాపు పలుపు విప్పుతుంటే ఆయన కాళ్లు పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తూ చెప్పేశాను.

బాపు కొట్టలేదు. "నీ పిడికెడుకు ఎద్దు బక్కగైతదా బిడ్డా? దానికి పండ్లరిగినయ్" అన్నాడు. అయినా ఎద్దును తోలుకుపోయాడు. మర్నాటి నుంచి మిగిలిన ఎద్దుకు ఉడికించిన ఉలవల్లో నాకూ ఒక గిన్నె తీసిపెట్టాడు. ఆయన నిజం చెప్పాడో, నన్ను ఊరుకోబెట్టాడో తెలియకుండానే ఆ గిన్నె తిన్నాను. జట్టులో చోటు దొరికింది. కూతకు పోయి ముగ్గురిని ఈడ్చుకొచ్చిన రోజు అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు సంతోషం పూర్తిగా కలగలేదు.

మొన్న రాయపోల్‌లో చుట్టాల పెళ్లిలో బాపు పక్కన కూర్చుని ఇన్నేళ్లకు ధైర్యం చేసి, ఎర్రెద్దు నిజంగా ఎందుకు బక్కచిక్కిందని అడిగాను. ఆయన వింతగా చూశాడు. "ఎర్రెద్దా? గదెన్నడు బక్కగైంది? ట్రాక్టరొచ్చినంక పని లేక అమ్మినం గద" అన్నాడు. మరి పక్కటెముకలు? అరిగిన పళ్లు? నా ఏడుపు? ఏది జరిగిందో, ఏది నేనే కల్పించుకున్నానో ఇప్పుడు చెప్పే నాయనమ్మ లేదు.

సిద్దిపేటలో మా సందులో కొట్టం లేదు, తొట్టి లేదు. ప్రజ్ఞాపూర్ దాకా బస్సులో పోయినా ఒక్క ఎద్దుబండి ఎదురుపడదు. అయినా ఈ ఉదయం ఉలవలు వార్చి, మొదటి పిడికెడు పళ్లెంలో పక్కన పెట్టాను. ఎవరికని నన్నడిగితే చెప్పలేను. అంతలో స్వాతి గ్రౌండు నుంచి చెమటలు కక్కుతూ వచ్చి, చేతులైనా కడుక్కోకుండా ఆ పళ్లెమే అందుకుంది. వద్దనబోయాను. మాట బయటికి రాకముందే పిడికెడూ నోట్లో వేసుకుని, "ఇంకింత పెట్టమ్మా" అంటూ పళ్లెం చాపింది.

పెట్టాను.