చిక్కడపల్లి బ్రేకుల మెకానిక్

చిక్కడపల్లిలో ముప్పై ఏళ్లు మా స్కూటర్లకు బ్రేకులు చేసిన మెకానిక్ పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఊపిరితిత్తులు గట్టిపడి ఏడాదిగా మంచంలోనే ఉన్నాడు. పోయిన మర్నాడు షాపు షట్టర్ మీద అంటించిన ఫోటో చూసి, చేతిలో పాల ప్యాకెట్లతో అక్కడే నిలబడిపోయాను.

అతనికో అలవాటుండేది. చక్రం విప్పగానే బ్రేక్ డ్రమ్మును మొహం దగ్గర పెట్టుకుని ‘ఉఫ్’ అని ఊదేవాడు. మిగిలిన దుమ్మును వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, బండి నడిపినవాళ్ల జాతకం చెప్పేవాడు. “సార్, మీరు బ్రేక్ మీద కాలు తియ్యకుంటనే నడుపుతున్నరు. లైనర్ మాడింది. గంత భయమైతే నడ్సుకుంట పోరాదుండ్రి!” అని నవ్వేవాడు. అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలు ఆ జాతకాలు వినడానికే చుట్టూ మూగేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

నిజానికి నవ్వకూడనివాణ్ణి నేనే. నారాయణగూడలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాణ్ణి. లైనర్లు అరిగి రాలే ఆ దుమ్ములో ఇనుము, రాగి, యాంటిమొని ఉంటాయనీ, పాత లైనర్లలోనైతే ఆస్‌బెస్టాస్ నార కూడా ఉండేదనీ, కంటికి ఆనని ఆ నలుసులు ఊపిరితిత్తుల అడుక్కి చేరి అక్కడే ఉండిపోతాయనీ నాకు తెలుసు. అయినా ఏళ్ల తరబడి నోరు మెదపలేదు. పనిమంతుడికి పని నేర్పడమేమిటని మొహమాటం. అతనికి దగ్గు మొదలయ్యాక మాత్రం ఒక మాస్కు తీసుకెళ్లి ఇచ్చాను.

నా మాట కాదనలేక దాన్ని మెడలో వేసుకున్నాడు. “ముక్కు మూసుకుంటే మాడిన వాసన ఎట్ల తెలుస్తది సార్? రేపు బ్రేక్ పడకుంటే మీ ఇంట్లోళ్లకు నేనేం జవాబు చెప్పాలె?” అన్నాడు. మా ఇంట్లోవాళ్ల గురించి అంత ఆలోచించిన మనిషి తన ఊపిరి గురించి ఆలోచించలేదు. అంతా ఆ దుమ్ము వల్లేనని డాక్టర్ తేల్చి చెప్పలేదు. ఆ ఊరట నాకు అక్కర్లేదు.

పదో రోజున రాంనగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. ఏడాదిగా కొక్కేనికి వేలాడుతున్న అతని ఖాకీ చొక్కాను భార్య ఉతుకుదామని తీసింది. అలవాటు కొద్దీ విదిలించబోయింది.

“దులపకమ్మా!” అని అరిచాను. “ముందు తడపాలి. ఆ దుమ్ము పీల్చకూడదు.”

ఆమె చేతులు ఆగాయి. కొంగు అడ్డం పెట్టుకుని దగ్గి, నావైపు చూసింది.

“ముప్పై ఏండ్ల సంది రోజూ నేనే దులిపిన గద సార్,” అంది.

ఆమె చొక్కాను బకెట్‌లో ముంచింది. నీళ్లు మెల్లగా నల్లబడుతుంటే ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.