బాపు కదిపిన బొమ్మ

మా బాపుకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన ఏడాది నేను జనగామలో ఉద్యోగం మానేసి మా ఊరు పెద్దవంగర వచ్చేశాను. పొద్దున ఆయనకు వ్యాయామం చేయించేదాన్ని. మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో సినిమాలు చూసేదాన్ని. నేను చూసేవి ఎవరికీ పెద్దగా తెలియని భయం సినిమాలు. బొమ్మను కొంచెం కదిపి ఒక ఫొటో, మళ్లీ కొంచెం కదిపి ఇంకో ఫొటో, అలా వేల ఫొటోలు కలిపి తీసినవి. కథ సరిగ్గా అర్థం కాదు. మట్టి ముఖాల మీద తీసినవాళ్ల వేలిముద్రలు కనిపిస్తుంటాయి. మామూలు దయ్యం సినిమాలకు నవ్వొచ్చే నాకు, ఒక గుడ్డబొమ్మ కుర్చీలోంచి లేవబోతుంటే మాత్రం ఒళ్లు జలదరించేది. అది లేవడానికి పడే కష్టం నుంచి కళ్లు తిప్పుకోలేకపోయేదాన్ని.

అమ్మకు అవి గిట్టేవి కావు. ఇంట్లో మనిషికి బాగాలేనప్పుడు ఇవేం సినిమాలని కోప్పడేది. ఒకరోజు ఆమె ఆపేయమంటే బాపు ఎడమచేత్తో ఫోన్ తన వైపు లాక్కున్నాడు.

"ఉండనియ్యి. గా బొమ్మ నా లెక్కనే ఉన్నది. చెయ్యి లేపాల్నంటే దానికెంత తిప్పలైతున్నదో సూడు," అన్నాడు. మాట ఇంకా ముద్దగానే వచ్చేది.

వ్యాయామమంటే అప్పటికే ఆయనకు విసుగెత్తింది. రబ్బరు బంతి పిసకమంటే విసిరేసేవాడు. మర్నాడు నేను కరెంటు తీగకు పత్తి చుట్టి, పాత బనీను గుడ్డ కప్పి జానెడు బొమ్మను చేశాను. ఫొటోలు నేను తీస్తాను, దాన్ని కదపాల్సింది ఆయనే, అదీ కుడిచేత్తోనే అని చెప్పాను.

మొదటివారం బొమ్మ పడిపోవడమే ఎక్కువ. బాపుకు చెమటలు పట్టేవి, తిట్టుకునేవాడు, కానీ వదిలేవాడు కాదు. నేను సాయం చేయబోతే మోచేత్తో నెట్టేవాడు. వానాకాలం అయిపోయేసరికి నిమిషం సినిమా తయారైంది. పడుకున్న బొమ్మ గొంతు మీదికి దాని చెయ్యే పరాయి చెయ్యిలా పాకి వస్తుంది. బొమ్మ రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఆపుతుంది.

బాపు వేళ్ల వణుకంతా అందులోకి వచ్చింది. కంప్యూటర్‌లో సరిచేయనా అని అడిగాను.

"వద్దు బిడ్డా. వణికినకాడ వణకనియ్యి. నాకేమైందో సూసినోళ్లకు ఎరుకైతది."

అలాగే ఉంచాను. అమ్మకు చూపిస్తే సగంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ లేచి వెళ్లలేదు. అయిపోయాక ఆయన కుడిచేతిని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది.

చెయ్యి పూర్తిగా రాలేదు. చొక్కా గుండీలు ఇప్పటికీ నేనే పెడతాను. అన్నం మాత్రం తనే కలుపుకుంటున్నాడు. సినిమాను నెట్‌లో పెడితే కొద్దిమందే చూశారు. బాపు దాని గురించి అడగలేదు. ఈసారి రెండు బొమ్మలు కావాలని, అవి మిరపతోటలో నడవాలని అన్నాడు. ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేనన్నాను. మొదలుపెట్టమన్నాడు.