కురుప్పు సాగదీసిన పాట

పంపానది ఒడ్డున ఆరన్ములలో చెల్లప్పన్ పిళ్ళ వంటకి ఎదురులేదు. దేవుడి పడవలకి తెడ్లేసి వచ్చినవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుని, ఏ వంటకం కావాలో పాట కట్టి అడుగుతారు. వంటవాడు తెచ్చి వడ్డించాలి తప్ప లేదనకూడదు. ఎన్ని రేవుల పడవలవాళ్ళు తన చేతి తిండి తిన్నారో, కాలంకాని కాలంలో పనసకాయ కూర అడిగితే ఎలా పెట్టాడో పిళ్ళ అడగనివాళ్ళకి కూడా చెబుతాడు. లేదన్న మాట ఆయన నోట ఇంతవరకూ రాలేదు. రప్పించాలని పాటగాడు పరమేశ్వర కురుప్పు ఏళ్ళ తరబడి చూస్తున్నాడు.

ఈసారి విందుకి ముందురోజు సాయంత్రం, దక్షిణం కొసదాకా చూద్దామని మైసూరు నుంచి సైకిళ్ళమీద బయల్దేరిన నలుగురు వానకి తడిసి వంటశాల చూరుకింద చేరారు. వాళ్ళలో చందనకి కడుపులో ఏదీ ఇమడటంలేదు. పిళ్ళ విందుకని ఉంచిన పెరుగుతో అన్నం కలిపి పెట్టాడు. తక్కినవాళ్ళ ఆకలి చూపులు చూసి వాళ్ళకీ కలిపాడు. కుండ ఖాళీ అయింది. మళ్ళీ పాలు కాచి తోడేశాడు గాని, ఆ ముసురుకి తెల్లారినా తోడుకోలేదు.

మధ్యాహ్నం అడిగినవన్నీ వడ్డించాక, కురుప్పు గొంతు సవరించుకుని పెరుగు అడిగాడు. పాట ముగిసేలోగా విస్తట్లో పడకపోతే లేదన్నట్టే. పిళ్ళ ఖాళీ గిన్నెతో నిలబడిపోయాడు. స్తంభం పక్కనుంచి చూస్తున్న చందనకి సంగతి తెలిసింది. "తాతా, ఆ గిన్నె ఇలా ఇవ్వండి" అని లాక్కుని, ఒడ్డున ఇళ్ళవైపు సైకిలు తొక్కింది.

కురుప్పు పిళ్ళ మొహం చూశాడు. ముగించాల్సిన పాట ముగించలేదు. పెరుగు చిలికే కవ్వాన్ని పొగిడాడు. తర్వాత ఆవుని, దాని దూడని, అవి మేసే గడ్డిని. పడవవాళ్ళు నవ్వాపుకుంటూ వంత పాడారు. గడ్డి మొలిచిన గట్టు దగ్గరికి వచ్చేసరికి చందన బురదకాళ్ళతో దిగింది. ఇంటికో గరిటె పోశారు, గిన్నె నిండింది.

పిళ్ళ మొదటి గరిటె కురుప్పుకే వడ్డించాడు.

"ఓ చోట పులుపు, ఓ చోట కమ్మదనం. ఎన్ని ఇళ్ళదయ్యా ఈ పెరుగు?"

"నోరు మూసుకు తిను. గట్టు దగ్గరే ఆగిపోయావేం?"

"ఇంకాస్త ఆలస్యమైతే మా తాత పెళ్ళి దాకా పోయేవాణ్ణి."

తన వంట వడ్డించడానికి మైసూరు నుంచి కూడా వస్తారని ఆ ఏటినుంచి పిళ్ళ కొత్త గొప్ప మొదలుపెట్టాడు. పాట సంగతి కూడా చెబుతాడు, కురుప్పు వినకుండా.